పీఎఫ్ తీసి బావ జీడి ఫ్యాక్టరీలో పెట్టనా?

ప్రశ్న: మాది టెక్కలి. వయసు 38. మ్యాపుల సాఫ్ట్‌వేర్ చేసే కంపెనీలో ప్రోగ్రామర్‌ని, ఇంటి నుంచే పని. నేను వారమంతా కూర్చుని రాసే కోడ్‌ని ఏఐ ఒక్క పూటలో ఇచ్చేస్తోంది. ఉద్యోగం ఎన్నాళ్లుంటుందోనని టెన్షన్. పీఎఫ్ 14 లక్షలు, బ్యాంకులో 5 లక్షలు ఉన్నాయి. రెండూ తీసి పలాసలో మా బావ జీడి ఫ్యాక్టరీలో వాటా తీసుకోవచ్చా? ఇంటి ఖర్చు 32 వేలు, హోమ్ లోన్ ఈఎంఐ 28 వేలు. లోన్ ముందే తీర్చేయడం మంచిదా?

జవాబు: ఇప్పుడు మాత్రం వద్దండీ. పీఎఫ్ మొత్తం చేతికి రావాలంటే ముందు రాజీనామా చేయాలి, దాంతో జీతం ఆగిపోతుంది, కంపెనీ ఇచ్చిన హెల్త్ పాలసీ కూడా పోతుంది, నెలకు 60 వేల ఖర్చు మాత్రం ఎక్కడికీ పోదు. పైగా ఆ పీఎఫ్ మీద 2024-25కి 8.25 శాతం వడ్డీ వచ్చింది, మీరు వేలు కదపకుండానే.

జీడి వ్యాపారంలో డబ్బు ఎక్కడ ఇరుక్కుంటుందో బావగారిని అడగండి. పిక్కలు మార్చి నుంచి మే దాకా వస్తాయి, ఏడాదికి సరిపడా సరుకు అప్పుడే కొని గోదాంలో పెట్టుకోవాలి, పప్పు అమ్ముడయ్యేది మెల్లగా, అందులోనూ సగం అరువు. కొన్న తర్వాత 80 కిలోల బస్తా ధర పడిపోతే మీ వాటా కూడా దాంతోపాటే పడుతుంది. మూడేళ్ల జీఎస్టీ రిటర్నులు, బ్యాంకు అప్పుల కాగితాలు చూపించమనండి. బావే కదా అని మొహమాటపడితే రేపు డబ్బుతో పాటు చుట్టరికం కూడా చెడుతుంది.

ఇక ఏఐ. కోడ్ రాయడం తేలికైపోయింది, కాదనను. కానీ మీ జిల్లానే చూడండి, 84 డిగ్రీల రేఖాంశం మధ్యలోంచి పోతుంది, మ్యాపుల కోసం భూమిని నిలువు పట్టీలుగా (జోన్లుగా) విడదీసే యూటీఎం పద్ధతిలో శ్రీకాకుళం టౌన్ 44వ జోన్, టెక్కలి, పలాస 45. ఆ 45 కొలతల్ని స్క్రిప్ట్ 44 అనుకుని చదివిందంటే పలాస తోట పోయి నిజామాబాద్ వైపు తేలుతుంది, ఎర్రర్ ఒక్కటీ రాదు. (సర్వే పని చేసే నా క్లయింట్ ఒకాయన ఇది చెప్పి తెగ నవ్వారు.) అది చూడగానే పట్టుకునే మనిషికి ఇంకా జీతమిస్తారు. 2020 చివర్లో మన రాష్ట్రంలో భూముల రీసర్వే మొదలయ్యాక ఇలాంటి డేటా సరిచూసే పని కూడా పెరిగింది, మారాలనుకుంటే ముందు అటు చూడండి.

ఈలోగా ఇంట్లో అందరికీ సొంతంగా హెల్త్ పాలసీ తీసుకోండి, ఉద్యోగం ఉండగానే, ఎందుకంటే పాత జబ్బులకు మూడేళ్ల దాకా వెయిటింగ్ ఉండొచ్చు. బ్యాంకులో ఉన్న 5 లక్షలు ఎనిమిది నెలలకు వస్తాయి, దాన్ని ఏడాది ఖర్చుకు, అంటే 7 లక్షల 20 వేలకు పెంచండి. లోన్ ఫ్లోటింగ్ వడ్డీది అయితే ముందే కట్టినా పెనాల్టీ ఉండదు, అయినా ఆ 7 లక్షలు నిండే దాకా అదనంగా ఒక్క రూపాయి కట్టకండి.