ఎకరం బేరం పెట్టేముందు ఈ లెక్క చూడండి

ప్రశ్న: మాది కావలి దగ్గర పల్లెటూరు. ఎకరంన్నర పొలం, తెల్లకార్డు. అమ్మాయి ఊళ్లోనే జడ్పీ హైస్కూల్లో పదో తరగతి, కావలిలో ఇంటర్ బైపీసీ చదివింది. నీట్‌లో సీటొచ్చే మార్కులు రాలేదు, ఎంసెట్ (ఇప్పటి ఈఏపీసెట్) ర్యాంకు మాత్రం ఉంది. బెంగళూరులో బీఎస్సీ నర్సింగ్ సీటు ఇప్పిస్తానని కన్సల్టెన్సీ అతను ఇంటికే వస్తున్నాడు. ఏడాదికి లక్షా పాతిక వేలు, హాస్టల్ వేరే. ఈ వారంలో 50 వేలు, ఒరిజినల్ సర్టిఫికెట్లు ఇస్తే సీటు బ్లాక్ చేస్తాడట. ఎకరం అమ్మమంటారా, 2 రూపాయల వడ్డీకి 3 లక్షలు తెమ్మంటారా?

జవాబు: రెండూ వద్దు. ముందు ఆ సర్టిఫికెట్లు బీరువాలో పెట్టి తాళం వేయండి. అవి ఒకసారి అతని చేతికి వెళ్తే, రేపు ఇక్కడ కౌన్సెలింగ్‌లో సీటొచ్చినా మీరు అతని చుట్టూ తిరగాల్సిందే.

వడ్డీ సంగతి చూద్దాం. 3 లక్షలకు 2 రూపాయల చొప్పున నెలకు 6 వేలు. నాలుగేళ్లకు వడ్డీయే 2 లక్షల 88 వేలు, అసలు అసలుగానే ఉంటుంది. అదే 3 లక్షలు బ్యాంకులో 10 శాతానికి విద్యారుణం తీసుకుంటే, చదువుకునే నాలుగేళ్లకు బారువడ్డీ లెక్కన 1 లక్షా 20 వేలు. కోర్సు అయ్యాక మరో ఏడాది వరకు కిస్తీలు మొదలుకావు. 4 లక్షల వరకు మీ చేతి డబ్బు పెట్టమని గానీ, ఆస్తి తాకట్టు పెట్టమని గానీ బ్యాంకు అడగకూడదు. అయితే డొనేషన్‌కు అప్పివ్వరు.

ఇక పొలం. మీ ఉత్తరంలో పొలాన్ని అమ్ముకునే సరుకుగానే చూశారు. ఎన్జీ రంగా వ్యవసాయ విశ్వవిద్యాలయం బీఎస్సీ అగ్రికల్చర్ సీట్లలో 40 శాతం రైతు కోటా. దానికి కుటుంబానికి కనీసం ఎకరం ఉండాలి, పిల్లలు మున్సిపాలిటీ కాని ఊళ్లలో కనీసం నాలుగేళ్లు చదివి ఉండాలి. ఊరి బడిలో చదివిన మీ అమ్మాయికి రెండో షరతు ఇబ్బందే లేదు. మీరు ఎకరం అమ్మితే మిగిలేది అరెకరం, మొదటి షరతు పోయినట్టే! బాపట్ల, తిరుపతి కాలేజీల్లో సీటు కోసం పోటీ గట్టిదే, వస్తుందని నేను హామీ ఇవ్వలేను. కానీ దరఖాస్తు చేయకుండా ఎందుకు వదులుకోవాలి?

మీ నెల్లూరు జిల్లాలోనే ముత్తుకూరులో మత్స్య కళాశాల ఉంది, నాలుగేళ్ల బీఎఫ్‌ఎస్సీ. మన తీరం పొడవునా రొయ్యల చెరువులు, హేచరీలు, మేత కంపెనీలు, నీళ్లు పరీక్షించే ల్యాబులు ఉండగా ఈ కోర్సు చాలామంది తల్లిదండ్రుల లెక్కలోకే రాదు. ‘చేపల చదువా’ అని మొహం చిట్లించేవాళ్లూ ఉన్నారు. నా మటుకు నాకు, ర్యాంకు సరిపోతే బెంగళూరు కంటే ఇదే మేలు.

నర్సింగే కావాలంటే అదీ మంచి చదువే. అయితే ముందు మన రాష్ట్రంలో కన్వీనర్ సీటుకు, అంటే ర్యాంకును బట్టి కౌన్సెలింగ్‌లో ఇచ్చే సీటుకు, ప్రయత్నించండి. ఆదాయం 2.5 లక్షల లోపైతే కన్వీనర్ సీటుకు ఫీజు రీయింబర్స్‌మెంట్ వర్తిస్తుంది. మేనేజ్‌మెంట్ సీటుకు రాదు, బెంగళూరు సీటుకు అసలే రాదు. ప్రభుత్వ సొమ్ము ఆలస్యమైతే కాలేజీవాళ్లు మిమ్మల్ని కట్టమని ఒత్తిడి చేయొచ్చు, దానికి కొంత చేతిలో ఉంచుకోండి.

ఒక్కటి మర్చిపోవద్దు. ఎంసెట్ ర్యాంకు ఉంది కదా అని కూర్చుంటే ఈ సీట్లు రావు. వ్యవసాయం, ఫిషరీస్, నర్సింగ్ దేనికది వేరే నోటిఫికేషన్, వేరే దరఖాస్తు. ఆదాయ, కుల ధ్రువపత్రాలకు, పొలం పాస్‌బుక్ కాపీకి ఈ వారమే సచివాలయానికి వెళ్లండి.

ఇవన్నీ చూశాక కూడా బెంగళూరే అనుకుంటే, ఆ కాలేజీకి కర్ణాటక నర్సింగ్ కౌన్సిల్, ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ గుర్తింపు ఉందో లేదో మీరే చూసుకోండి, అతని ఫోన్‌లో చూపించిన కాగితం చాలదు. ఫీజు కాలేజీ ఖాతాకే వేసి రసీదు తీసుకోండి. లోను గురించి మీకు ఖాతా ఉన్న బ్యాంకులో అడిగి, కాలేజీ పేరు చెప్పండి. ఆ పేరు విని మేనేజరు వెనకాడితే, 50 వేలు మీ దగ్గరే ఉంచుకోండి.