తేనె సీసా ఇంట్లో పెట్టుకునే ముందు

పొదలకూరు

చి.ల.సౌ. సుజాతను పెద్దమ్మ ఆశీర్వదించి రాయునది. ఇక్కడ మేమంతా క్షేమం. కావలిలో మీరంతా క్షేమమని తలుస్తాను.

నువ్వడిగినవి చాలా ఉండాయి. బిడ్డకు వసకొమ్ము తేనెలో అరగదీసి నాకించాలని మీ అత్తగారు అంటున్నారని రాశావు. ఆవిడ మోకాళ్ల నొప్పులకు తేనెటీగలతో కుట్టించుకోమని ఎవరో చెప్పారంట. అల్లుడికి దగ్గు పట్టుకుని వదల్లేదంట. రాయల్ జెల్లీ మాత్రలు కొనమని పక్కింటామె పోరుతోందంట. మీ పెదనాన్న నిమ్మతోటలో తేనెటీగల పెట్టెలు పెట్టిన కాడి నుంచి ఇట్టాంటి ప్రశ్నలు మా ఇంటికి వస్తానే ఉంటాయి. ఏఎన్ఎమ్‌గా ఊళ్లు తిరిగినదాన్ని కాబట్టి పెట్టెల సంగతీ తెలుసు, రోగాల సంగతీ తెలుసు. తేనె మంచి మందేనమ్మా. అయితే అది పనిచేసే చోట్లు కొన్నే. ఆ చోట్లు ఏవో తెలుసుకుని వాడితే ఇంటికి మేలు. అన్నిటికీ అదే మందని నమ్ముకుని కూర్చుంటే రోగం ముదిరిపోతుంది.

ముందు బిడ్డ సంగతి. ఏడాది నిండేదాకా బిడ్డ నోట్లో తేనె చుక్క కూడా పడకూడదు. వసతో కలిపి వద్దు, ఉగ్గులో వద్దు, ఉత్త పీకకు పూసి వద్దు, వేలితో నాలుక మీద రాయడమూ వద్దు. క్లాస్ట్రీడియం బాట్యులినం అని మట్టిలో ఉండే సూక్ష్మజీవి ఒకటుంది. దాని సిద్ధబీజాలు, అంటే అది మళ్లీ మొలకెత్తే గింజల్లాంటివి, తేనెలోకి చేరుతుంటాయి. పెద్దవాళ్ల పేగుల్లో అవి మామూలుగా పెరగలేవు. పన్నెండు నెలలు నిండని బిడ్డ పేగుల్లో మాత్రం పెరిగి విషం వదులుతాయి. ఆ విషం నరాలను పట్టేస్తుంది. మొదట విరేచనం కాకుండా బిగుసుకుంటుంది. తర్వాత బిడ్డ పాలు గట్టిగా చప్పరించలేదు, ఏడుపు నీరసంగా వస్తుంది, రెప్పలు వాలిపోతాయి, మెడ నిలవదు, ఒళ్లంతా మెత్తబడిపోతుంది. ఊపిరి తీసే కండరాల దాకా పోతే ప్రాణం మీదికొస్తుంది. అరుదుగా వచ్చేదే. కానీ వచ్చిన బిడ్డ మన బిడ్డయితే అరుదన్న మాట ఎందుకు పనికొస్తుంది?

'బయట కొన్నది కాదు కదా, మనవాళ్ల తోటలో తీసిన తేనే కదా' అని మీ అత్తగారు అనొచ్చు. ఆ బీజాలకు కల్తీ తేనె, మంచి తేనె అనే తేడా లేదు. తేనెను మరగబెట్టినా అవి చావవు. ఆవిడతో వాదన పెట్టుకోబాకు. పెద్దమ్మ ఆసుపత్రిలో పనిచేసింది, ఆమె వద్దంది అని నా పేరు చెప్పు. వసకొమ్ము కూడా వద్దు. మాటలు రావడానికి వస అక్కర్లేదు, మీరంతా బిడ్డతో మాట్లాడుతుంటే చాలు. ఆరు నెలల దాకా నీ పాలు తప్ప నీళ్లు కూడా పట్టబాకు.

ఇక దగ్గు. తేనె గట్టిగా పనిచేసేది ఇక్కడే. జలుబుతో వచ్చిన దగ్గుకి, గొంతు గరగరకి, రాత్రి పడుకోనివ్వని పొడి దగ్గుకి తేనె నిజంగా ఉపశమనం ఇస్తుంది. 2007లో అమెరికాలోని పెన్సిల్వేనియాలో డాక్టర్లు పిల్లల మీద పరీక్ష చేసి చూశారు. పడుకోబోయే ముందు తేనె తాగిన పిల్లలకు దగ్గు తగ్గి, వాళ్లకీ తల్లిదండ్రులకీ నిద్ర బాగా పట్టింది. ఆ పరీక్షలో ఇచ్చిన కొలతలే నేనూ చెబుతుంటాను. రెండు నుంచి అయిదేళ్ల పిల్లలకు అర చెంచా, ఆరు నుంచి పదకొండేళ్ల వాళ్లకు ఒక చెంచా, అంతకంటే పెద్దవాళ్లకు రెండు చెంచాలు, పడుకునే ముందు అరగంటకి. చెంచా అంటే అయిదు మిల్లీలీటర్లు పట్టే టీ చెంచా. కూర వడ్డించే గరిటెతో పొయ్యబాకు.

అల్లం దంచి పిండిన రసం అర చెంచాలో తేనె కలిపి అల్లుడికి ఇవ్వొచ్చు. లేకుంటే తులసాకు రసమో, చిటికెడు మిరియాల పొడో. ఆయుర్వేదం వాళ్లు సితోపలాది చూర్ణం తేనెలోనే తీసుకోమంటారు. తేనెను పొయ్యి మీద పెట్టి కాచొద్దని, తేనె, నెయ్యి సమపాళ్లలో కలపొద్దని కూడా వాళ్ల శాస్త్రంలో ఉంది. కాచొద్దన్న మాట మన పెట్టెల వాళ్లకూ తెలిసిందే. వేడి తగిలేకొద్దీ తేనెలో హెచ్ఎమ్ఎఫ్ అనే పదార్థం పెరిగి వాసన, గుణం పోతాయి. కషాయం కాచుకుంటే గోరువెచ్చగా అయ్యాకే తేనె కలపండి.

అల్లుడి దగ్గు ఎన్నాళ్ల నుంచి ఉందో నువ్వు రాయలేదు. రెండు వారాలు దాటితే ఇక తేనె సీసా పక్కన పెట్టి కావలి ఏరియా ఆసుపత్రికి తీసుకుపో. కళ్లె పరీక్ష చేస్తారు, ఒక్క పైసా అక్కర్లేదు. సాయంత్రం జ్వరం, బరువు తగ్గడం, కళ్లెలో రక్తం కనబడితే రెండు వారాలు కూడా ఆగొద్దు. పసిపిల్లల దగ్గయితే ఊపిరి లెక్కపెట్టాలి. రెండు నెలలు నిండి ఏడాది లోపు బిడ్డ నిమిషానికి యాభై సార్లు గాని అంతకంటే ఎక్కువ గాని ఊపిరి తీస్తుంటే, ఏడాది నుంచి అయిదేళ్ల లోపు బిడ్డ నలభై గాని ఆపైన గాని తీస్తుంటే, న్యుమోనియా అనుకుని పరుగెత్తాల్సిందే. బిడ్డ నిద్రపోతున్నప్పుడు పొట్ట చూస్తా గడియారం పెట్టుకుని నిండా ఒక నిమిషం లెక్కపెట్టు. ఇది ఈ పూటే నేర్చుకో.

కాలిన గాయాలకు తేనె మంచిదేనా అని అడిగావు. వంటింట్లో ఆవిరి తగిలినా, నూనె చిట్లినా మొదట చేయాల్సింది కొళాయి కింద చల్లనీళ్లలో ఇరవై నిమిషాలు పెట్టడం. టూత్‌పేస్టు వద్దు, సిరా వద్దు. తేనెకు ఆమ్ల గుణం ఉంది, దాంట్లో నీళ్లు తక్కువ. తేనెటీగ కలిపే ఒక ఎంజైము వల్ల గాయం మీద హైడ్రోజన్ పెరాక్సైడు కొంచెం కొంచెంగా పుడుతుంది. అందుకే చాలా సూక్ష్మజీవులు దాంట్లో పెరగలేవు. పై చర్మం వరకే కాలిన గాయాలు తేనె కట్టుతో తొందరగా మానతాయని డాక్టర్ల పరీక్షల్లోనూ తేలింది. కానీ ఆసుపత్రిలో వాడే తేనెను గామా కిరణాలతో శుద్ధి చేస్తారు. మన సీసాలో తేనె అట్టాంటిది కాదు. రూపాయి బిళ్లంత కాలినచోట, శుభ్రంగా కడిగాక, పలచగా రాసి గుడ్డ కట్టొచ్చు. అంతకు మించిన గాయమైనా, ముఖం మీద కాలినా, బొబ్బలు పెద్దవైనా ఆసుపత్రికే. మీ అత్తగారికి చక్కెర వ్యాధి కదా, ఆవిడ పాదం మీద చిన్న పుండు లేచినా తేనె రాసి ఇంట్లో పెట్టుకోబాకండి. ఆ పాదాలకు నొప్పి తెలియదు, పుండు లోపల్లోపల పోతుంది. అట్టాంటి కాళ్లు తీసేయాల్సి వచ్చిన ఇళ్లను నేను చూశాను.

కంట్లో తేనె వేస్తే మసకలు పోతాయని పాతకాలంలో వేసేవాళ్లు. వద్దు. నల్లగుడ్డు మీద పుండు పడితే చూపు పోతుంది.

మీ అత్తగారికి ఇంకో సంగతి కూడా చెప్పాలి. పొద్దున్నే గోరువెచ్చని నీళ్లలో నిమ్మరసం, రెండు చెంచాల తేనె తాగుతున్నారని రాశావు. మన జిల్లాలో నిమ్మకాయకు కరువు లేదు, తాగడానికీ బాగుంటుంది. కానీ తేనెలో నూటికి ఎనభై పాళ్లు చక్కెరలే. ఒక చెంచా తేనెలో దాదాపు ఇరవై కేలరీలు ఉంటాయి. తేనె సహజమైనది కాబట్టి షుగర్ పెరగదనుకోవడం తప్పు. పెరుగుతుంది. కొవ్వును కరిగించే గుణమూ దానికి లేదు. ఆవిడ నిమ్మరసం నీళ్లు తాగితే తాగనివ్వు, తేనె మానిపించు. తేనె తీసుకుంటున్నాను కదా అని మందు బిళ్ల తగ్గించేస్తారేమో, అది కనిపెట్టుకుని ఉండు.

మోకాళ్ల నొప్పికి కుట్టించుకోవడం గురించి నువ్వు రాసింది చదివి నాకు గుండె ఆగినంత పనయింది. ఈగ విషంలో మెలిటిన్ అనే పదార్థం ఉంటుంది, అదే మంటకూ వాపుకూ మూలం. కొందరికి ఒళ్లు ఆ విషాన్ని అసలు భరించలేదు. ఒకసారి ఏమీ కాలేదు కదా అన్న ధైర్యం కూడా పనికిరాదు. స్పెయిన్‌లో యాభై అయిదేళ్ల ఆవిడ ఇట్టాగే ఈగలతో కుట్టించుకునే వైద్యం చేయించుకుంటా వచ్చింది. చాన్నాళ్లు ఏమీ కాలేదు. ఒక రోజు ఊపిరాడక పడిపోయి ఆసుపత్రిలో చనిపోయింది. 2018లో డాక్టర్లు ఆ సంగతి పత్రికలో రాశారు. మీ అత్తగారు ఆ మాట ఎత్తకుండా చూడు.

ఎప్పుడన్నా తోటకు వచ్చి ఈగ కుడితే మాత్రం ఏం చేయాలో తెలిసుండాలి. ముల్లు చర్మంలోనే ఉండిపోతుంది, దానికున్న విషపు తిత్తి ఇంకా విషం తోడతానే ఉంటుంది. కాబట్టి గోరుతో గీకినా, వేళ్లతో లాగినా సరే, తొందరగా తీసేయడం ముఖ్యం. సున్నం పూయబాకు, చర్మం కాలుతుంది. ఐసు ముక్క గుడ్డలో చుట్టి పెట్టు. కుట్టిన చోట మాగిన అరటిపండు వాసన లాంటిది లేస్తుంది, అది తక్కిన ఈగలకు కుట్టమని కబురు. అందుకే అక్కడ నిలబడి చేతులు విసరకుండా పక్కకు వచ్చేయాలి. ఒళ్లంతా దద్దుర్లు, పెదవులు, నాలుక వాయడం, ఊపిరి పట్టేయడం, కళ్లు తిరగడం వస్తే 108కి ఫోన్ చెయ్యి. అడ్రినలిన్ ఇంజెక్షనే ప్రాణం నిలబెడుతుంది. చాలా ఈగలు ఒకేసారి కుడితే బాగానే ఉందనిపించినా ఆసుపత్రిలో చూపించుకోవాలి.

రాయల్ జెల్లీ, పుప్పొడి మాత్రలు, ప్రొపోలిస్ చుక్కలు కొనబాకు. రాయల్ జెల్లీ రాణి ఈగ కాబోయే పురుగుకు పెట్టే మేత. దాంతో మనుషులకు యవ్వనం వస్తుందన్నది అమ్ముకునే మాట. ఉబ్బసం ఉన్నవాళ్లకు అది ప్రాణాపాయం తెచ్చిన సందర్భాలున్నాయి. ప్రొపోలిస్ అంటే ఈగలు చెట్ల బంక తెచ్చి పెట్టె సందులు పూడ్చే జిగురు. మన నాటు ఈగలు దాన్ని పోగుచేయవు, ఇటాలియన్ ఈగలే చేస్తాయి. సూక్ష్మజీవులను చంపే గుణం దానికుంది, కానీ కొందరికి చర్మం దురద పెట్టి పగిలిపోతుంది.

అల్లుడి మడమల పగుళ్లకు మాత్రం మైనం ఉంది, ఇది నాకు ఇష్టమైన పని. తేనె తీసేశాక మిగిలిన పట్టును గుడ్డలో మూటకట్టి నీళ్లలో ఉడకబెడతాను. మైనం పైకి తేలుతుంది, చల్లారాక బిళ్లలా గడ్డకడుతుంది. బజారులో కొవ్వొత్తుల మైనం కొనబాకు, అది పెట్రోలియం నుంచి తీసేది. ఒక వంతు తేనెమైనానికి అయిదు వంతులు నువ్వుల నూనె. ఆయుర్వేదంలో దీన్ని సిక్థ తైలమంటారు. పెద్ద గిన్నెలో నీళ్లు కాగనిచ్చి, దాంట్లో చిన్న గిన్నె పెట్టి కరిగించు. మైనం దాదాపు అరవై నాలుగు డిగ్రీలకే కరుగుతుంది, నేరుగా మంట మీద పెడితే నిప్పంటుకుంటుంది. కరిగాక దించి డబ్బాలో పోస్తే వెన్నలాగా పేరుకుంటుంది. మరీ గట్టిగా ఉంటే ఇంకాస్త నూనె, జారుగా ఉంటే ఇంకాస్త మైనం. రాత్రి పాదాలు గోరువెచ్చని నీళ్లలో నానబెట్టి తుడుచుకుని, ఇది రుద్ది మేజోళ్లు వేసుకోమను. మొదటిసారి మోచేతి లోపల కొంచెం రాసి, తెల్లారి దద్దు లేవలేదని చూసుకున్నాక వాడాలి. చీము పట్టిన పగులు మీద రాయొద్దు.

తేనె కొనేటప్పుడు నీళ్లలో చుక్క వేసి చూడడం, అగ్గిపుల్ల ముంచి వెలిగించడం, బొటనవేలి మీద పెట్టి చూడడం, వీటిని నమ్మబాకు. చక్కెర పాకం చిక్కగా కాస్తే అదీ చుక్కగానే దిగుతుంది. 2020లో ఢిల్లీలోని సెంటర్ ఫర్ సైన్స్ అండ్ ఎన్విరాన్‌మెంట్ వాళ్లు పదమూడు రకాల తేనె సీసాలు పరీక్ష చేయిస్తే పెద్ద లాబొరేటరీ పరీక్షకు మూడే నిలిచాయి. లాబొరేటరీనే తప్పించుకునే పాకాలుంటే అగ్గిపుల్లతో ఏం తేలుతుంది? తీసే మనిషి తెలిసుండాలి, అంతే. మన యానాదులు తెలిసినవాళ్లయితే వాళ్ల దగ్గర తీసుకో, లేదంటే గిరిజన సహకార సంస్థ దుకాణంలో. గడ్డకట్టిన తేనెను పారబోయబాకు. గ్లూకోజు పేరుకుంటే అట్టా అవుతుంది. గోరువెచ్చని నీళ్లలో సీసా పెడితే కరిగిపోతుంది. నురుగొచ్చి పుల్లవాసన వేస్తే మాత్రం అది పచ్చిగా తీసిన తేనె, పులిసింది. ఈగలు గదులకు మూత వేశాక తీస్తేనే తేనె నిలుస్తుంది.

మీ పెదనాన్న ఆదివారం కావలి వస్తున్నారు. ఆయన చేత మూతపడిన చట్రాల తేనె ఒక గాజు సీసా, మైనం ఒక బిళ్ల పంపుతున్నాను. తడి చెంచా పెట్టొద్దు, ఫ్రిజ్‌లో పెట్టొద్దు. బిడ్డకు ఏడాది ఏ తేదీకి నిండుతుందో సీసా మీద రాసి అంటించు, ఇంట్లో అందరికీ కనబడుతుంది. అల్లుడి దగ్గు ఎన్ని రోజులయిందో ఆయనతోనే కబురు చెప్పించు.

ఇట్లు
మీ పెద్దమ్మ