విన్‌ఫార్మ్స్ టూల్ మూసిన చోటే మళ్ళీ తెరుచుకోవాలంటే

మీ ప్రాబ్లం ఏంటంటే విన్‌ఫార్మ్స్‌తో (డాట్‌నెట్‌లో విండోస్ డెస్క్‌టాప్ అప్లికేషన్లు రాసే పద్ధతి) చేసిన టూల్‌లో ఫార్మ్ క్లోజింగ్‌లో, అంటే విండో మూసేటప్పుడు నడిచే కోడ్‌లో, లొకేషన్, సైజ్ సేవ్ చేస్తున్నారు, మీ సిస్టమ్‌లో బాగానే ఉంది, టీమ్‌లో కొందరికి మాత్రం టాస్క్‌బార్‌లో ఐకాన్ ఉంటోంది గానీ విండో ఎక్కడా కనపడట్లేదు, అంతే కదా. మా ఆఫీసులో లాగ్‌లు చూసే టూల్ ఒకటి నేనే చూసుకుంటాను, దానికీ అచ్చం ఇదే కంప్లైంట్ వచ్చింది.

ముందు కోడ్ జోలికి పోకండి. కనపడట్లేదన్న మనిషి యూజర్.కాన్ఫిగ్ ఫైల్ (టూల్ ఆ యూజర్ సెట్టింగ్స్ దాచుకునే ఫైల్) తెప్పించుకుని నోట్‌ప్యాడ్‌లో చూడండి, యాప్‌డేటా లోకల్ ఫోల్డర్ లోపల ఉంటుంది. మాకు అందులో లొకేషన్ -32000, -32000 అని కనపడింది, అక్కడితో సగం తేలిపోయింది. మినిమైజ్ చేసిన విండోని విండోస్ ఆ మూలకి తోసేస్తుంది, కంప్లైంట్ చేసినాయన విండో మినిమైజ్‌లో ఉండగానే టాస్క్‌బార్ మీద రైట్ క్లిక్ కొట్టి క్లోజ్ చేశాడు, మన కోడేమో అదే నంబర్ భద్రంగా దాచిపెట్టింది. కాబట్టి విండోస్టేట్ నార్మల్‌గా ఉంటేనే బౌండ్స్ (విండో ఉన్న చోటు, సైజ్) తీసుకోండి, లేకపోతే రీస్టోర్‌బౌండ్స్ (మామూలు సైజ్‌కి తిరిగొస్తే ఉండే చోటు, సైజ్) తీసుకోండి, మ్యాగ్జిమైజ్‌లో ఉందా లేదా అనేది విడిగా దాచుకోండి, మినిమైజ్‌ని అసలు సేవ్ చేయొద్దు. ఓపెన్ చేసేటప్పుడు స్టార్ట్‌పొజిషన్ మాన్యువల్ పెట్టి (అంటే చోటు మనమే ఇస్తామని చెప్పి), బౌండ్స్ ఇచ్చాకే మ్యాగ్జిమైజ్ చేయాలి, అప్పుడే సరైన మానిటర్‌లో తెరుచుకుంటుంది.

రెండోది మానిటర్ గోల. ఆఫీసులో రెండు స్క్రీన్‌లు పెట్టుకుని ఇంటికెళ్ళి ఒట్టి ల్యాప్‌టాప్‌లో తెరిస్తే ఆ పొజిషన్ ఎక్కడా లేని చోటు అయిపోతుంది. చాలామంది దీనికి ఎక్స్ (విండో ఎడమ అంచు ఉన్న చోటు) సున్నా కంటే తక్కువుంటే సున్నా చేసెయ్ అంటారు, దయచేసి అలా చేయకండి, మెయిన్ స్క్రీన్‌కి ఎడమ పక్కన ఇంకో మానిటర్ ఉంటే అక్కడ ఎక్స్ మైనస్‌లోనే ఉంటుంది, అది తప్పేం కాదు. స్క్రీన్.ఆల్‌స్క్రీన్స్ (తగిలించి ఉన్న మానిటర్ల జాబితా) మీద లూప్ తిప్పి, సేవ్ చేసిన రెక్టాంగిల్‌లో కనీసం టైటిల్ బార్ ముక్కైనా ఏదో ఒక వర్కింగ్ ఏరియాలో (టాస్క్‌బార్ పోను మిగిలిన చోటులో) పడుతోందా చూడండి, పడకపోతే ప్రైమరీ స్క్రీన్ మధ్యలో పెట్టేయండి.

ఇంకోటి, కొత్త వెర్షన్ ఇచ్చినప్పుడల్లా సెట్టింగ్స్ పోతున్నాయని కూడా అంటారు చూడండి. ఆ ఫైల్ వెర్షన్ నంబర్ పేరుతో ఉన్న ఫోల్డర్‌లో ఉంటుంది, నంబర్ మారితే కొత్త ఫోల్డర్, అంటే అన్నీ డిఫాల్ట్‌లే. సెట్టింగ్స్ క్లాస్‌లోని అప్‌గ్రేడ్ మెథడ్ ఒక్కసారి పిలిస్తే పాతవి వచ్చేస్తాయి, దానికోసం డిఫాల్ట్ ట్రూ ఉన్న బూలియన్ సెట్టింగ్ ఒకటి పెట్టుకుని పని అయ్యాక ఫాల్స్ చేసి సేవ్ కొట్టాలి. అయితే సైన్ చేయని ఈఎక్స్‌ఈని ఇంకో ఫోల్డర్‌కి కాపీ చేసి నడిపితే ఆ సెట్టింగ్స్ ఫైల్ ఉండే దారి మొత్తమే మారిపోతుంది, అప్‌గ్రేడ్ కూడా ఏం చేయలేదు. మావాళ్ళు డెస్క్‌టాప్ మీదకి ఒకసారి, డి డ్రైవ్‌కి ఒకసారి లాగేస్తుంటారు, అందుకే నేను ఆ సెట్టింగ్స్ క్లాస్ వదిలేసి యాప్‌డేటాలో సొంతంగా చిన్న జేసన్ (డేటాని సాదా టెక్స్ట్‌గా రాసే పద్ధతి) ఫైల్ రాసుకుంటున్నా, హాయిగా ఉంది.

నిజానికి విండో ఎక్కడుందన్నది జనం పెద్దగా పట్టించుకోరు, గ్రిడ్‌లో కాలమ్ వెడల్పులు పోతే మాత్రం వెంటనే ఫోన్ చేస్తారు, అవి కూడా దాచండి. స్ప్లిట్టర్ డిస్టెన్స్ (విండోని రెండు భాగాలు చేసే అడ్డగీత ఉన్న చోటు) దాస్తే మాత్రం ఫార్మ్ సైజ్ సెట్ అయ్యాకే ఇవ్వాలి, ముందే ఇస్తే చిన్న విండోలో ఎక్సెప్షన్ కొడుతుంది.

ఇప్పటికే ఇరుక్కుపోయినవాళ్ళకి విండోస్ బటన్, షిఫ్ట్, ఎడమ లేదా కుడి బాణం కీ కలిపి నొక్కమని చెప్పండి, వేరే మానిటర్‌కి దూకుతుంది. ఒక్క స్క్రీనే ఉంటే ఆ కాన్ఫిగ్ ఫైల్ డిలీట్ చేయించండి. నేనైతే షిఫ్ట్ పట్టుకుని టూల్ ఓపెన్ చేస్తే పాత పొజిషన్ చదవకుండా వదిలేసేలా రెండు లైన్లు పెట్టాను, అప్పటినుంచి ఫోన్‌లోనే తేలిపోతోంది.