మొదటిసారి పి.ఓ. డ్యూటీకి వెళ్తున్న మేనకోడలికి

చిరంజీవి అమ్మాయికి,

పి.ఓ.గా, అంటే పోలింగ్ బూత్‌కు ప్రిసైడింగ్ ఆఫీసరుగా, ఆర్డరు వచ్చిందని కంగారుపడుతున్నావని అక్క చెప్పింది. మెషీన్ గురించి బెంగ వద్దు, ట్రైనింగులో రెండుసార్లు నీ చేత్తో కనెక్షన్లిస్తే వచ్చేస్తుంది. పి.ఓ.లను ఏడిపించేవి రెండంకెలు: ఓటర్లు సంతకం పెట్టే 17ఎ రిజిస్టరులో ఆఖరి క్రమసంఖ్య, ఓట్లు నమోదయ్యే కంట్రోల్ యూనిట్‌లో టోటల్. అవి ఎక్కడ విడిపోతాయో ముందే తెలుసుకో.

సామాను ఇచ్చే డిస్ట్రిబ్యూషన్ సెంటర్లో అందరూ భోజనాల వైపు పరుగెడతారు. నువ్వు ముందు మూడు యూనిట్ల (బ్యాలెట్, కంట్రోల్, వి.వి.ప్యాట్) నంబర్లూ నీ బూత్‌వేనా, మార్క్‌డ్ కాపీ, అంటే బూత్‌లో గుర్తులు పెట్టే ఓటర్ల జాబితా, నీ పార్ట్‌దేనా చూసుకో. కంట్రోల్ యూనిట్‌కు వేసే గ్రీన్ పేపర్ సీళ్లు, టెండర్ బ్యాలెట్లు (ఓటు వేరెవరో వేసేసినవాళ్లకిచ్చే కాగితపు బ్యాలెట్లు) లెక్కపెట్టుకో. ఓటు ఏ గుర్తుకు పడిందో స్లిప్పు ముద్రించే వి.వి.ప్యాట్ వెనక నాబ్ ప్రయాణంలో అడ్డంగానే ఉండాలి, బూత్‌లో నిలువుగా తిప్పాలి. దాని మీద నేరుగా బల్బు వెలుగు పడకూడదు, కంపార్ట్‌మెంట్ వెనక కిటికీ ఉంటే మూయించు.

ఉదయం 7కి పోలింగ్ అయితే 5:30కి మాక్ పోల్, అంటే నమూనా పోలింగ్. అభ్యర్థుల ఏజెంట్లు రాలేదా, పావుగంట ఆగి మొదలుపెట్టెయ్. నోటాతో సహా ప్రతి బటన్‌కూ కనీసం ఒకటి పడేలా, మొత్తం 50కి తగ్గకుండా ఓట్లు వేయించు. తర్వాత కంట్రోల్ యూనిట్ బటన్లు నొక్కే వరస తప్పకూడదు: క్లోజ్, రిజల్ట్, క్లియర్. రిజల్టును స్లిప్పులతో సరిచూసి, స్లిప్పుల వెనక మాక్ పోల్ ముద్ర వేసి నల్ల కవర్లో పెట్టి, ఆ కవరును సీలు చేసి ప్లాస్టిక్ డబ్బాలో పెట్టు. వి.వి.ప్యాట్ డ్రాప్ బాక్స్ ఖాళీగా ఉందని, కంట్రోల్ యూనిట్ టోటల్ సున్నా అని ఏజెంట్లకు చూపించాకే గ్రీన్ పేపర్ సీల్ వెయ్యి. దాని మీద నీ సంతకం, వాళ్ల సంతకాలు ఉండాలి.

ఎక్కువమంది తప్పేది ఇక్కడే. ఏడు కావస్తుంది, బయట క్యూ గోల, క్లియర్ నొక్కడం మరిచిపోతారు. ఆ 50 ఓట్లూ అసలు ఓట్లలో కలిసిపోతాయి. కౌంటింగ్ రోజున ఆ మెషీన్‌ని పక్కన పెడతారు, గెలుపు తేడా తక్కువైతే స్లిప్పులు లెక్కపెట్టాల్సి వస్తుంది. పోలింగ్ పావుగంట ఆలస్యమైతే నిన్నెవరూ ఉరితీయరు, క్లియర్ మాత్రం మరవకు.

రెండు గంటలకోసారి పోలింగ్ శాతం అడుగుతారు. అప్పుడే 17ఎ అంకె, మెషీన్ టోటల్ పక్కపక్కన రాసుకో. తేడా వచ్చిందంటే చాలావరకు సంతకం పెట్టి ఓటు వేయకుండా వెళ్లినవాళ్ల వల్లే. వాళ్ల ఎంట్రీ పక్కన రిమార్కు రాసి సంతకం పెట్టించుకో. కంట్రోల్ యూనిట్‌లో బ్యాలెట్ బటన్ నొక్కేశాక అలా జరిగితే వెనకాల వచ్చిన ఓటరు ఆ బ్యాలెట్‌నే వాడుకుంటారు. చిక్కంతా ఆఖరి ఓటరు అలా వెళ్లిపోతేనే: బిజీ లైటు ఆరదు, క్లోజ్ పనిచేయదు. స్విచ్ ఆపి, వి.వి.ప్యాట్ కేబుల్ కంట్రోల్ యూనిట్ నుంచి తీసి, మళ్లీ స్విచ్ వేస్తే క్లోజ్ పనిచేస్తుంది.

పోలింగ్ మధ్యలో వి.వి.ప్యాట్ ఒక్కటే చెడితే అదొక్కటే మార్చు. బ్యాలెట్ యూనిట్ గానీ కంట్రోల్ యూనిట్ గానీ చెడితే మూడూ మార్చాలి, నోటాతో సహా ఒక్కో అభ్యర్థికి ఒక్కో ఓటుతో మళ్లీ మాక్ పోల్ చేయాలి. కేబుల్ ముట్టుకునే ముందు స్విచ్ ఆపాల్సిందే.

తన ఓటు అప్పటికే ఎవరో వేసేశారని ఓటరు గొడవకొస్తే ప్రశ్నలడిగి గుర్తించు. నిజమైన ఓటరైతే టెండర్ బ్యాలెట్ ఇచ్చి, అలాంటి ఓట్ల జాబితా అయిన 17బిలో రాయించు, మెషీన్ దగ్గరకు మాత్రం పంపకు. ఓటేయడానికి వచ్చిన మనిషి దొంగ ఓటరని ఏజెంట్ అంటే 2 రూపాయలు కట్టించుకుని విచారించు. స్లిప్పులో వేరే గుర్తు వచ్చిందని ఎవరైనా అంటే, అబద్ధమైతే శిక్ష ఉంటుందని చెప్పి రాతపూర్వకంగా తీసుకో, 17ఎలో రెండో ఎంట్రీ రాసి, నీ ముందు, ఏజెంట్ల ముందు టెస్ట్ ఓటు వేయించు. మాట నిజమైతే పోలింగ్ ఆపి రిటర్నింగ్ ఆఫీసరుకు ఫోన్ చెయ్. కాకపోతే ఆ ఓటు ఏ గుర్తుకు పడిందో 17ఎలో, ఓట్ల లెక్క రాసే 17సి ఫారంలో రాయి.

పోలింగ్ టైము అయ్యేసరికి క్యూ ఉంటే, వెనక నుంచి ముందుకు చీటీలు పంచు. ముందు నుంచి పంచితే తోకలో ఎవరు కొత్తగా చేరారో తేలదు. చీటీ ఉన్నవాళ్లంతా ఓటేశాకే క్లోజ్ నొక్కు.

17సి నింపేటప్పుడు నీరసంగా ఉంటుంది, అంకెలు ఎ.పి.ఓ.తో (అసిస్టెంట్ ప్రిసైడింగ్ ఆఫీసరుతో) పైకి చదివించుకో. కాపీ ప్రతి ఏజెంటుకూ ఇచ్చి సంతకం తీసుకో.

నీ ఓటు కోసం ఫారం 12 (పోస్టల్ బ్యాలెట్‌కు) గానీ 12ఎ (డ్యూటీ బూత్‌లోనే ఓటేయడానికి) గానీ ట్రైనింగు రోజే ఇచ్చెయ్. మెషీన్లు అప్పగించే రిసెప్షన్ సెంటర్లో రసీదు చేతికొచ్చేదాకా మెషీన్ వదలకు. 17ఎ, 17సి విడిగా పట్టుకో, అక్కడ మొదట అడిగేది అవే.

ఆశీస్సులతో,
మావయ్య