సగం నాటకాన్ని కాల్చేముందు

హనుమకొండ

తమ్ముడూ,

నీ ఉత్తరం అందింది. రెండు రంగాలు రాసి ఆగిపోయిన నాటకాన్ని పొయ్యిలో పెడతా అన్నావు. రాసింది నువ్వు, ఆ హక్కు నీదే. కోపంలో మాత్రం ఆ పని చేయకు. ఇంకొకరి నెత్తిన కూడా పెట్టకు.

అమెరికా నాటక రచయిత ఎడ్వర్డ్ ఆల్బీ 2016లో చనిపోయాడు. తన అసంపూర్తి రాతప్రతులను నాశనం చేయాలని వీలునామాలో రాసిపెట్టాడు. ఆ సంగతి చదివినప్పుడు మొదట బాధేసింది. ఇప్పుడు ఆయన వైపే ఉన్నాను. నాటకంలో మాట నటుడి నోట్లో తిరగకపోతే రిహార్సల్‌లోనే మార్చుకుంటాం. రాసినవాడు లేకుంటే దాన్ని ఎవరు మార్చాలి?

ఇంకో అమెరికా నాటక రచయిత యూజీన్ ఓనీల్‌కు చేతులు వణికే జబ్బు. చివరి పదేళ్లు కలం సాగలేదు. ఒక కుటుంబం చుట్టూ తలపెట్టిన నాటకాల వరుస అట్లాగే ఆగిపోయింది. బోస్టన్‌లో ఒక హోటల్ గదిలో, ఆ వణికే చేతులతోనే, భార్య కార్లొటాతో కలిసి చిత్తుప్రతులు చించాడు. 1953లో కన్నుమూశాడు. అయినా ఒక ప్రతి మిగిలింది. 'నేను చనిపోతే నాశనం చేయాలి' అని దానికి చీటీ పెట్టి ఉన్నా, అది అప్పటికే వేరే కాగితాల్లో కలిసి యేల్ యూనివర్సిటీకి చేరిపోయింది. 1962లో దాన్ని కుదించి స్టాక్‌హోమ్‌లో ఆడారు.

నా బీరువాలో కూడా ఒక నోట్‌బుక్ ఉంది. నాకు నాటకం నేర్పిన పెద్దాయన ఆస్పత్రి మంచం మీద అది నా చేతిలో పెట్టి, "కాల్చెయ్ బిడ్డా" అన్నాడు. సరే అన్నాను. కాల్చలేదు. ఏటా బతుకమ్మకు ఇల్లు సర్దేటప్పుడు చేతికి తగులుతుంది. మూడో రంగంలో ఒక తల్లి కొడుకును పిలుస్తుంది, అక్కడితో రాత ఆగింది. ఎందుకు పిలిచిందో ఆయనకే తెలుసు. ఆ పేజీ దగ్గర ప్రతిసారీ నా చేతులు ఆడవు.

అందుకే చెబుతున్నా. మొదటి పేజీ మీద తేదీ వేసి, ఉంచాలో వద్దో రాసి సంతకం పెట్టు. వద్దనుకుంటే నీ చేత్తోనే తీసెయ్. ఫోన్‌లో ఫొటోలు, మెయిల్‌లో కాపీలు, టైప్ చేయించిన డీటీపీ సెంటర్‌లో ఫైలు, అన్నీ చూసుకో. దానికన్నా ముందు ఇద్దరు నటులతో ఒకసారి పైకి చదివించు.

దసరా అయ్యాక ఆదివారం రా, ఆ రెండు రంగాలు మా ఇంట్లోనే చదువుదాం. పెద్దాయన నోట్‌బుక్ మాత్రం అడగకు. చూపించలేను.

మీ అన్న