అన్ని నష్టావకాశాలూ ‘మధ్యస్థం’గానే తేలడంపై సమాధానం

విమానం నుంచి ప్రయోగించే క్షిపణిలోని ప్రతి ఉపవ్యవస్థకూ సంభావ్యత, తీవ్రతలకు 1 నుంచి 5 వరకు అంకెలిచ్చి గుణిస్తే, దాదాపు అన్నీ ‘మధ్యస్థం’గానే తేలాయని మీరు రాశారు. ఆ అంకెలు వరుస క్రమాన్ని మాత్రమే చెబుతాయి కనుక వాటి లబ్ధానికి పెద్దగా అర్థం లేదు. సంభావ్యత 1, తీవ్రత 5 ఉన్న అంశమూ, అవే తారుమారైన అంశమూ అక్కడ సమానమైపోతాయి. క్షిపణి రెక్క కిందినుంచి విడివడేటప్పుడు విమానానికే తగిలే ప్రమాదం ఏ సగటులోనూ కలిసిపోకూడదు, దాన్ని విడిగా ఉంచండి.

అంతకంటే పెద్ద లోపం సాంకేతిక పరిపక్వత స్థాయిల (ఒక పరికరం వాడకానికి ఎంతవరకు సిద్ధమైందో చెప్పే అంకెల) విషయంలో కనిపిస్తోంది. నాసాలో మొదలైన ఈ 9 స్థాయుల కొలమానంలో ఇచ్చే అంకె ఒక నిర్దిష్ట వాడుక పరిస్థితికే వర్తిస్తుంది. నేల మీది లాంచర్ నుంచి నిరూపితమైన అన్వేషకానికి (లక్ష్యాన్ని పసిగట్టే భాగానికి) మీరు 9 ఇచ్చారు. కానీ అది ఎన్నో గగనయానాలలో రెక్క కింద వేలాడుతూ కంపనాన్నీ, ఎత్తుతో మారే చలినీ, దిగేటప్పటి కుదుపునూ భరించాలి కాబట్టి, ఆ పరిస్థితుల్లో పరీక్షించేదాకా 5కు మించి ఇవ్వడం నాకు సబబుగా తోచదు. వియత్నాం యుద్ధకాలపు క్షిపణి వైఫల్యాలపై అమెరికా నౌకాదళం 1969లో వెలువరించిన ఆల్ట్ నివేదిక కూడా రూపకల్పనతో ఆగక నిర్వహణ, శిక్షణలను సైతం పరిశీలించింది. (మీ పట్టికలో నిర్వహణకు వరుసే లేదు.)

ప్రతి అంశం పక్కనా దాని నష్టావకాశాన్ని తగ్గించే పరీక్షనూ, అది విఫలమైతే అనుసరించే ప్రత్యామ్నాయాన్నీ రాయండి. పరీక్ష పేరు రాయలేని చోట ఆ అంకె ఊహే.