ఇంగ్లాండ్‌లో కన్జర్వేషన్ ఏరియాలోని పాత హాలిడే షాలేలను (సెలవుల్లో ఉండటానికి కట్టిన చిన్న ఇళ్లను) కూల్చడానికి అనుమతి కావాలా?

కావాలి, షాలే బయటి కొలతల ప్రకారం 115 ఘనపు మీటర్లు లేదా అంతకు మించి ఉంటే, కూల్చే ముందే స్థానిక కౌన్సిల్ నుంచి ప్లానింగ్ పర్మిషన్ తీసుకోవాలి.

కన్జర్వేషన్ ఏరియాలో కాపాడేది ఒక్కో భవనాన్ని కాదు, ఆ ప్రాంతం మొత్తం రూపురేఖల్ని. విడిగా చూస్తే మామూలుగా కనిపించే చెక్క షాలే కూడా, వరుసలో ఒకటిగా ఆ రూపంలో భాగం కావచ్చు. అది పోతే ఏం నష్టం, దాని స్థానంలో ఏం వస్తుంది అన్నదే కౌన్సిల్ ముఖ్యంగా చూస్తుంది. 2013కు ముందు దీనికి వేరే సమ్మతి ఉండేది, ఇప్పుడు అది ప్లానింగ్ పర్మిషన్‌లోనే కలిసిపోయింది.

ఉదాహరణకు 8 మీటర్ల పొడవు, 6 మీటర్ల వెడల్పు, సగటున 3 మీటర్ల ఎత్తు ఉంటే 144 ఘనపు మీటర్లు, కాబట్టి పర్మిషన్ తప్పదు. 6×5×3 అయితే 90 మాత్రమే. ఈ పర్మిషన్ అక్కర్లేదు గానీ, కూల్చే పద్ధతి గురించి కౌన్సిల్‌కి ముందుగా తెలపాల్సి రావచ్చు.

‘లిస్టెడ్ భవనం (చారిత్రక ప్రాధాన్యం వల్ల చట్టరక్షణ ఉన్న భవనం) కాదు, పైగా శిథిలమైంది, ఇక పర్మిషన్ ఎందుకు?’ అనుకోవడమే చాలామంది చేసే పొరపాటు. ఈ రెండూ మినహాయింపులు కావు. అనుమతి లేకుండా కూల్చడం అక్కడ క్రిమినల్ నేరం. అలాగని దరఖాస్తు పెడితే తిరస్కరిస్తారనీ కాదు.